తన కడుపు పట్టుకుని చెప్పే కాక

కాలేజీ నుంచి ఫోను వచ్చినప్పుడు అది నా చేతిలోనే ఉంది. సైలెంటులో పెట్టాను కాబట్టి మోగలేదు, అరచేతిలో వణికింది. తెర మీద ఇండియా నంబరు కనిపించింది. ఎవరు చేస్తున్నారో తెలుసు, ఎందుకు చేస్తున్నారో కూడా తెలుసు. అయినా ఎత్తలేదు. ఆసుపత్రి లోపల సిగ్నల్ అందలేదని అమ్మకు చెప్పాను. నాన్నకూ అదే చెప్పాను. డైరీలో ఆ తేదీ కింద "ఎండ చాలా ఎక్కువగా ఉంది" అని మాత్రం రాసుకున్నాను. నేను నా డైరీతో అబద్ధమాడింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు నిజం రాయాలనిపించడానికి కారణం నిన్న ఈ బహ్రెయిన్‌లో, సల్మానియాలో చూసిన ఒక కుర్ర డ్రైవరు. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. అమ్మ డ్యూటీ దిగేదాకా కింది హాల్లో కూర్చుని చదువుకోవడం నాకు ఈసా టౌన్‌లో బడికి వెళ్ళే రోజుల నుంచీ అలవాటు. నిన్న ఆ డ్రైవరు ఒక కూలీని వెంటబెట్టుకొచ్చి డాక్టరు గది గుమ్మంలో నిలబడ్డాడు. కూలీ చేతులు కట్టుకుని బొమ్మలా ఉన్నాడు. డ్రైవరు మాత్రం తన కడుపు తానే పట్టుకుని, ముఖమంతా ముడుచుకుని, "మేరేకో రాత్ సే ఇదర్ దుఖ్తా" అంటున్నాడు. నొప్పి కూలీది. ముడుచుకున్న ముఖం డ్రైవరుది. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు. చేతిలోని పుస్తకం మూసేసి నవ్వుకున్నాను.

ఆ విద్య నేర్పిన కాకది జగిత్యాల దిక్కు. ఒక కంపెనీ క్యాంపు బస్సు నడిపేవాడు. తెల్లవారుజామున కూలీలను సైట్లలో దించాక, జ్వరాలూ దెబ్బలూ ఉన్నవాళ్ళను దవాఖానకు తీసుకురావాలి. గేటు దగ్గర దించడం వరకే ఆయన పని. లోపలికి వెళ్ళి వాళ్ళ తరఫున మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. "గేటు కాడ దించి ఊకుంటే, వీళ్ళు లోపటికి పోయి నోరు తెరువక వాపసు వస్తరు బిడ్డా. డాక్టరు ఏమాయె అంటే ఏంగాలే అంటరు. ఏంగాకుంటే ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?" అనేవాడు.

పొట్టి మనిషి. మీసానికి మాత్రమే రంగు వేసుకునేవాడు, తలకు వేయడానికి అక్కడ పెద్దగా జుట్టు లేదు. చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. అందులో ఆ రోజు తెచ్చిన మనుషుల సిపిఆర్ గుర్తింపు కార్డులన్నీ రబ్బరుబ్యాండు వేసి ఉండేవి. కౌంటరు దగ్గర కార్డు అడిగితే పేకముక్కల్లా విప్పి, పేరు చదవకుండా ఫొటో చూసి తీసేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నా ఊళ్ళో అందరూ ఆయన్ని దుబాయిలో ఉన్నాడనే అంటారట. "నా పెండ్లాం సుత గదే అంటది. అరే, దుబాయి నేను సూడనే లేదు. పోయిన్నాడు బుర్జు గురించి అడుగుతరు, లేని ముచ్చట ఎంతసేపని చెప్పాలె?" అని వాపోయేవాడు. కానీ ఆ లేని ముచ్చట బాగానే చెప్పేవాడని నాకు అనుమానం.

లోపలికి వెళ్ళాక ఆయన రోగి అయిపోయేవాడు. ఎవరికి నడుం నొప్పి ఉంటే ఆయన వంగిపోయేవాడు. ఎవరికి దగ్గు ఉంటే ఆయనే దగ్గేవాడు. కాలు బెణికినవాడి వెనక కుంటుకుంటూ వెళ్ళి, బయటకు రాగానే మామూలుగా నడిచేవాడు. ఒకసారి కొత్తగా వచ్చిన ఫిలిప్పీనో నర్సు ఆయన్నే మంచం మీద పడుకోబెట్టి చేతికి బీపీ పట్టీ చుట్టింది. అసలు రోగి పక్కన నిలబడి చూస్తున్నాడు, కాక కిమ్మనకుండా పడుకున్నాడు. చివరికి చూస్తే బీపీ నిజంగానే ఎక్కువగా ఉంది. "మందిది మోసీ మోసీ నాకు సుత అంటుకున్నది సిస్టర్" అని నవ్వేసి లేచిపోయాడు. ఆ సంగతి అమ్మ ఇంటికొచ్చి నాన్నకు చెప్పి పడీ పడీ నవ్వింది. అమ్వాజ్‌లో రోజంతా అపార్టుమెంట్ల ఏసీలు బాగుచేసి వచ్చిన నాన్న కూడా నవ్వాడు.

అలా ఎందుకు చెబుతారని నేనొకసారి అడిగాను.

"ఆయనకు నొస్తందట అంటే, ఆ 'అట'లనే సగం నొప్పి పోతది బిడ్డా" అన్నాడు.

ఆయనతో నా మొదటి పరిచయం మాత్రం నాకు సిగ్గుచేటు. అప్పుడు నేను పదకొండో తరగతి. హాల్లో నాలుగో వరుసలో కూర్చుని, బయాలజీ పుస్తకం మధ్యలో తెలుగు నవల పెట్టుకుని చదువుతున్నాను. కాక ఇద్దరిని తెచ్చాడు. ఒకరిని ఎక్స్‌రేకు పిలిచారు, రెండోవాడు చేతికి గుడ్డ చుట్టుకుని కౌంటరు దగ్గర ఉన్నాడు. కాక నా దగ్గరికి పరుగున వచ్చి, "అమ్మా, తెలుగేనా? గాయిన పేరు పిలిస్తే జర తోడువోయి చెప్పవా, వేలు మీద ఇనుము పడ్డదని" అన్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి తరఫున, ఇంకో కొత్త మనిషితో నేను మాట్లాడాలి. అది నా వల్ల కాదు. ఇంగ్లీషులో సారీ చెప్పి, నాకు తెలుగు రాదన్నాను. ఆయన ఒక్క క్షణం నా ఒళ్ళోకి చూశాడు. "సారీ బేటీ" అని వెళ్ళిపోయి, ఆ గదికీ ఈ గదికీ మధ్య గంటసేపు పరుగులు తీశాడు.

ఆ తర్వాత ఆయన నాతో హిందీలోనే మాట్లాడాడు. రెండు మూడు నెలలు. ఎదురుపడితే "కైసే హై బేటీ, పడాయి అచ్ఛా హై?" అని ఎంతో గంభీరంగా పలకరించేవాడు. నేను తల ఊపేదాన్ని. నా ఒళ్ళో తెలుగు అక్షరాలను ఆయన మొదటి రోజే చూశాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ నాటకాన్ని అలాగే నడిపించాం.

నాటకానికి తెర దించింది ఒక తాపీమేస్త్రీ. డాక్టరు పిలిచేలోగా కాక తన మనుషులను బల్ల మీద కూర్చోబెట్టి ముందే అన్నీ అడిగేవాడు. ఏమైనా మందులు వాడుతున్నావా అని మాత్రం ఎప్పుడూ అడగడు. అలా అడిగితే అందరూ లేదంటారు. మేస్త్రీకి మొహం ఉబ్బి ఉంది, షుగరు పెరిగిపోతోంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు.

"మొన్న ఊరి నుంచి ఎవలన్న వచ్చిన్రా?" అన్నాడు కాక.

"మా బామ్మర్ది వచ్చిండు."

"ఇంటోళ్ళు ఏం పంపిన్రు?"

"సకినాలు, మామిడికాయ తొక్కు, కారప్పొడి."

"ఇంక?"

"రెండు బనీన్లు."

"ఇంక?"

"ఇంకేమున్నయి, నొప్పుల గోలీలు."

"మరి మందులు వాడుతలేనంటివి?"

"గవి మందులెట్లయితయి కాకా! మందులంటే దవఖానోళ్ళు ఇచ్చేటియి. గివి మా ఊరి ఆరెంపీ ఇచ్చినయి. మా ఆమె సకినాల డబ్బల పెట్టి పంపింది."

"రోజుకెన్ని మింగుతవ్?"

"పొద్దుగాల రెండు, మాపటికి రెండు. సకినాలైతే అందరు తిని ఒడగొట్టిన్రు, గోలీలు మాత్రం ఎవ్వలకియ్యలే."

నాకు నవ్వు ఆగలేదు. పుస్తకం అడ్డం పెట్టుకున్నా బయటకు వచ్చేసింది. కాక మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఏం బేటీ, తెలుగు రాదంటివి. మరి నవ్వు ఏ భాషల వచ్చింది?"

మేస్త్రీ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. నేను ఏడుపుమొహం పెట్టి, "సారీ బాబాయ్ గారూ" అన్నాను. "బాబాయ్ గారు అంటే ఎవలో తహసీల్దారును పిలిచినట్టున్నది. కాక అను" అన్నాడు. అబద్ధం గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు నోరు పెగలదని ఆయనకు అర్థమైంది. దానికో ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. "నోరు లేకుంటే మాయె, చెయ్యి ఉన్నది గద. నేనడుగుత, నువ్వు ఇంగ్లీషుల రాయి."

అలా నేను చీటీలు రాయడం మొదలుపెట్టాను. మొదటిది మేస్త్రీదే, షుగరు పెంచుతున్నది ఆ గోలీల్లోని స్టెరాయిడేనని డాక్టరు దాన్ని చూసే పట్టుకున్నారు. ఎన్నాళ్ళ నుంచి, ఏ పని చేస్తుంటే, ఏం తిన్నాడు, ఊరి నుంచి ఏమొచ్చింది. నాలుగైదు వాక్యాలు. డాక్టర్లు వాటిని చదివి తలెత్తి చూసేవారట. ఒకరోజు అమ్మ అలాంటి చీటీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ గుండ్రటి అక్షరాలు ఎవరివే? మా డాక్టరు గారు, క్యాంపులో ఎవరో చదువుకున్న మనిషి ఉన్నాడంటున్నారు" అంది. నేను తల దించుకున్నాను. అమ్మ తిడుతుందనుకున్నాను. "వయసు రాయడం మర్చిపోతున్నావు. మొదట వయసు రాయాలి" అని మాత్రం అంది.

మొదటిసారి ప్రవేశ పరీక్షలో నాకు చాలినన్ని మార్కులు రాలేదు. ఇంకో ఏడాది చదివాను. ఆ ఏడాదంతా సల్మానియా హాలే నా చదువుగది. ఏజెన్సీ అంచున ట్రస్టు నడిపే ఆ చిన్న వైద్య కళాశాల గురించి తెలిసింది కూడా అప్పుడే. సీట్లు తక్కువ. మార్కులతో పాటు వాళ్ళదే ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. చదువయ్యాక కొన్నేళ్ళు చుట్టుపక్కల పల్లె ఆసుపత్రుల్లోనే పనిచేయాలి. అమ్మకు పెద్దగా ఇష్టం లేదు, నాన్నకు అసలే లేదు. నాకు మాత్రం ఆ కాలేజీ ఫొటోలో వరండాలో బల్ల మీద కూర్చున్న మనుషులను చూడగానే, వాళ్ళందరూ నాకు తెలిసినవాళ్ళేననిపించింది. ఇంకెక్కడా దరఖాస్తు చేయనని మొండికేశాను. నేను మొండికేయడం మా ఇంట్లో అదే మొదటిసారి కాబట్టి ఒప్పుకున్నారు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. కాకకు చెబితే, "ఇంటర్వ్యూ అంటే ఏమడుగుతరు?" అన్నాడు.

"తెలీదు కాకా. ఏదడిగినా నేను మాట్లాడలేను."

"అయితే ఈడనే నడువనీ" అని బల్ల మీద సర్దుకుని, మీసం దువ్వుకుని, డాక్టరులా కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆ రోజు ఆయన వెంట నలుగురు ఉన్నారు, టోకెన్లు పట్టుకుని. వాళ్ళూ ఇటు తిరిగారు.

"ఏమ్మా, పల్లెటూర్ల కరెంటు పోతది. ఉంటవా?"

"ఉంటాను."

"పాములొస్తయ్."

"ఉంటాను."

"బస్సు రాదు."

"ఉంటాను."

"ఉంటా ఉంటా అంటే సరిపోతదా? ఎందుకుంటవ్?"

నేను ఆగిపోయాను. చేతికి కట్టున్న ఒకాయన అందుకున్నాడు. "కాకా, ఒగ సవాలు నాది. రోగం తక్కువైతలేదని మా అసొంటోడు వచ్చి లొల్లి పెడితే?"

"వింటాను" అన్నాను.

"లొల్లి అయినంక?"

"మళ్ళీ మొదటి నుంచి అడుగుతాను. ఏం తిన్నావు, ఊరి నుంచి ఏమొచ్చింది..."

"పాసైనవ్ పో!" అన్నాడు కట్టు చేతి మనిషి. ఇంకో ముసలాయన, "సీటియ్యి కాకా పాపం, మంచి పిల్ల" అని సిఫారసు చేశాడు. కాక ఒప్పుకోలేదు. "ఎందుకుంటవ్ అంటే జవాబియ్యలే. గాడనే ఆగింది బండి. ఇంటికి పోయి ఆలోచన చెయ్యి" అని నన్ను ఫెయిల్ చేసి, నంబరు పిలవగానే చేతికట్టు మనిషి వెనక చెయ్యి మడిచి పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

అసలు ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. చప్పుడు అడ్డొస్తుందని ఏసీ ఆపేశాను. బహ్రెయిన్ ఎండాకాలంలో, తలుపులు మూసిన గదిలో, అరగంట. తెర మీద నలుగురు. మొదటి పది నిమిషాలు ఒక్కో ప్రశ్నకు మూడు మాటలకు మించి చెప్పలేకపోయాను. చివర కూర్చున్న పెద్దావిడ, "నువ్వు ఎప్పుడైనా పల్లెలో ఉన్నావా అమ్మా?" అని తెలుగులో అడిగారు.

"లేదండీ. సెలవుల్లో నాలుగు రోజులు, అంతే."

"మరి పల్లె మనుషులతో ఎలా వేగుతావు? ఎందుకు ఉంటావు అక్కడ?"

కాక దగ్గర ఆగిపోయిన చోటే మళ్ళీ ఆగాను. చెమట కళ్ళలోకి కారింది. తుడుచుకుని, తయారుచేసుకున్నదంతా వదిలేసి, సకినాల డబ్బా సంగతి చెప్పాను. మందులు వాడుతున్నావా అంటే లేదనే మనిషి అబద్ధం చెప్పడం లేదని, మనం అడగడంలోనే తప్పుందని చెప్పాను. అలా అడగడం ఇంకా చాలా నేర్చుకోవాలని ఉంది, అందుకే ఉంటాను అన్నాను. పెద్దావిడ ఏదో రాసుకున్నారు. మిగతావాళ్ళ ముఖాలు చెమట వల్ల సరిగ్గా కనిపించలేదు. ఏమడిగారని కాక అడిగితే, సీటొస్తేనే చెబుతానన్నాను.

వెయిటింగ్ లిస్టులో రెండో నంబరు వచ్చింది. ఎవరైనా సీటు వదులుకుంటే ఫోను చేస్తామని, రెండుసార్లు చేస్తామని, ఎత్తకపోతే తర్వాతి నంబరుకు పోతామని మెయిల్లో రాశారు. ఆ రోజు నుంచి ఫోను నా చేతికి అతుక్కుపోయింది. స్నానానికి వెళ్ళినా తలుపు బయట అమ్మ దానికి కాపలా ఉండేది.

ఎదురుచూడటంలో కాకను మించినవాడు లేడు. వీసా కోసం, టికెట్టు కోసం, సెలవు కోసం, టోకెను కోసం ఆయన జీవితంలో ఎదురుచూసినన్ని రోజులు నేను అసలు బతకనే లేదు. "బోర్డు దిక్కు సూస్తే నంబరు జరుగదు బిడ్డా. పక్కోని దిక్కు సూడు, యాళ్ళ ఎట్ల పోతదో ఎరుకనే కాదు" అనేవాడు. నేను అలాగే చేశాను. పక్కవాళ్ళ చీటీలు రాస్తూ కూర్చున్నాను. మూడు వారాలు గడిచాయి. అడ్మిషన్లు ముగిసే రోజులు దగ్గరపడ్డాయి.

ఆ రోజు కాక, కంట్లో సిమెంటు పడిన కుర్రాణ్ణి తెచ్చాడు. కుర్రాణ్ణి లోపలికి పంపి తాను నా వైపు వస్తున్నాడు. ఎడమకాలు కుంటుతున్నాడు.

"ఇవాళ కాలునొప్పి ఎవరిది కాకా?" అన్నాను నవ్వుతూ.

"ఎవలిది లేదు. చెప్పు కరిసింది" అన్నాడు.

చెప్పు వైపు చూశాను. పట్టీ కింద తడిగా, ఎర్రగా ఉంది. అంత పుండుకు ఉండాల్సిన నొప్పి ఆయనకు తెలుస్తున్నట్టే లేదు. పరుగెత్తి అమ్మను పిలుచుకొచ్చాను. అమ్మ ఒక్కసారి చూసి, మారుమాట లేకుండా ఆయన్ని డాక్టరు గదిలోకి నడిపించింది. అంతలో వార్డు నుంచి పిలుపు వచ్చి వెళ్ళిపోయింది. గదిలో నేనూ, కాకా, ఈ దేశపు లేడీ డాక్టరూ మిగిలాం.

ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని ఆమె అడిగింది. కాక అరబ్బీలో, "కుల్లు జైన్ దక్తోరా, మాఫీ ముష్కిల్" అన్నాడు. అంతా బాగుంది, ఏ ఇబ్బందీ లేదని. ఊరందరి నొప్పులకూ వంకరలు తిరిగే ఆ ముఖం కదలనే లేదు. ఒక్క చెయ్యి కూడా పైకి లేవలేదు. తన నొప్పి తనకు చెప్పడం రాదు ఆయనకు. చెబితే మెడికల్లో అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపేస్తారని భయం ఉండొచ్చు. అదొక్కటే కారణమని నేను అనుకోను.

నా దగ్గర చీటీ లేదు, పెన్ను లేదు. నోరు తెరిచాను. ఆయన నిజం చెప్పడం లేదని ఇంగ్లీషులో అన్నాను. నెలన్నర కింద బొబ్బ లేచింది, బయట ఆగిన బస్సులో ఉప్పునీళ్ళలో కాలు పెట్టుకుంటే చూశాను, ఈ మధ్య దాహం అంటూ నాలుగు సీసాల నీళ్ళు తాగుతున్నాడు, అప్పుడు పట్టించుకోని ఇవన్నీ ఇప్పుడు కలిపి చెప్పాను. చెబుతూ చెబుతూ ఎక్కడ మారిందో తెలియదు, "నా కాలి కింద రాయి ఉన్నా నాకు తెలియడం లేదు" అనేశాను. డాక్టరు వంగి నా కాళ్ళ వైపు చూసింది. కాక గట్టిగా నవ్వాడు.

"ఇంటి నుంచి ఏమొచ్చింది కాకా?" అన్నాను తెలుగులో.

నవ్వు ఆపి నా వైపు కోపంగా చూశాడు. "సకినాలు."

"ఇంకా?"

"తొక్కు."

"ఇంకా కాకా?"

ఆయన నోరు విప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను వణికింది.

దీన్ని త్యాగమని ఎవరైనా అనుకుంటే నాకు నచ్చదు. నేను త్యాగం చేయలేదు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నా గొంతు ఒక గదిలో నిలబడి ఉంది. ఆ క్షణంలో తల తిప్పితే అది మళ్ళీ దొరకదని భయపడ్డాను. ఆయన కూడా ఇంకోసారి నోరు విప్పడని తెలుసు. ఫోను ఆగింది. మళ్ళీ వణికింది. మళ్ళీ ఆగింది.

"గోలీలు" అన్నాడు కాక. "మోకాళ్ళకు. సంవత్సరం సంది."

యంత్రం చూపించిన షుగరు అంకెను నమ్మలేక డాక్టరు రెండోసారి పరీక్ష చేసింది. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే వేలు తీయాల్సి వచ్చేదని అంది. కాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు డ్రెస్సింగుకు వచ్చి, "డాక్టర్ల ముందట నా ఇజ్జత్ తీసినవ్" అని, పక్కనే కూర్చున్నాడు.

కాలేజీకి తిరిగి ఫోను చేస్తే మూడో నంబరు అమ్మాయికి సీటు ఇచ్చేశామని చెప్పారు. అక్కడి ఆఫీసులో మాట్లాడినావిడ నాకంటే ఎక్కువ బాధపడింది. అమ్మ సిగ్నల్‌ను తిట్టింది, ఫోను కంపెనీని తిట్టింది, చివరికి నా తల నిమిరి, "పోనీలే అమ్మా" అంది. ఆ 'పోనీలే' దగ్గరే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. విచిత్రంగా, ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది. ఏడుపు మాత్రం మర్నాడు వచ్చింది, బస్సులో, ఎవరికీ కనబడకుండా.

"ఫోనొచ్చిందా?" అని కాక రోజూ అడిగేవాడు. "ఇంకా లేదు" అనేదాన్ని. ఆయనకు మాత్రం ఎప్పటికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను.

పుండు మానింది. కాక కంపెనీకి చెప్పి వీసా క్యాన్సిల్ పెట్టుకున్నాడు, తిరిగి రాని ప్రయాణానికి. దుఃఖపడలేదు. "ఇరవై రెండేండ్లు మంది కుంటు కుంటిన, ఇగ నా కుంటు నేను కుంటుత" అన్నాడు. వెళ్ళేముందు ఆ కుర్ర డ్రైవరును హాలుకు తెచ్చి, అన్ని గదులూ తిప్పి చూపించి, నా ముందు నిలబెట్టాడు. "ఈమె రాస్తది. నువ్వు సక్కగ అడుగు. ముందుగాల తిన్నడా లేదా అడుగు, గది మరువకు." అంతే. విమానం ఎక్కే రోజు డ్యూటీ చేసి మరీ వెళ్ళాడట.

ఆయన వెళ్ళిన పదో రోజున ఫోను మళ్ళీ వచ్చింది. నేను అన్నం వార్చుతున్నాను. అమ్మ ఎత్తింది. అడ్మిషన్ల గడువు పొడిగించారట, ఎవరో పట్నం కాలేజీలో సీటు రాగానే వెళ్ళిపోయారట, మీ అమ్మాయి ఇంకా సిద్ధమేనా అని అడిగారట. అవతలివాళ్ళ వాక్యం పూర్తికాకముందే అమ్మ, "వస్తుందండీ, వస్తుంది, రేపే బయల్దేరమన్నా వస్తుంది!" అంటోంది. ఆ కాలేజీ తనకు ఇష్టం లేదన్న సంగతి ఆమెకు గుర్తే లేదు. నాన్నకు ఫోను చేస్తే అమ్వాజ్‌లో ఏదో మేడ మీద నుంచి, గాలి చప్పుడులో, "ఏంటీ? ఏంటీ?" అని ఐదుసార్లు అడిగి, అర్థమయ్యాక, పని ఆపేసి ఇంటికి వస్తున్నానన్నాడు.

సాయంత్రం నేనొక్కదాన్నీ గదిలోకి వెళ్ళి కాక ఊరి నంబరుకు చేశాను. నాకు ఫోనులో మాట్లాడటం ఇష్టముండదు. ఎవరికైనా నా అంతట నేను చేసిన మొదటి ఫోను అదేనేమో. చాలాసేపు మోగింది.

"కాకా, సీటొచ్చింది."

ఫోను పక్కకు పెట్టి ఇంట్లో ఎవరికో అరిచి చెప్పడం వినిపించింది. "ఇగో, దవఖాన పిల్లకు సీటొచ్చిందట!" మళ్ళీ నాతో, "ఎందుకుంటవ్ అని అడిగిన్రా?" అన్నాడు.

"అడిగారు. చెప్పాను."

"ఏం జెప్పినవ్?"

"తర్వాత చెబుతాను కాకా. కాలు ఎలా ఉంది?"

"మంచిగున్నది. ఊళ్ళె డాక్టరు కాడికి పోతున్న. ఆయన తెలుగే మాట్లాడుతడు, నేనూ తెలుగే మాట్లాడుత, అయినా ఇద్దరికి సమజ్ కాదు. ఎన్నేండ్ల సదువు నీది?"

"ఐదున్నర. ఆ తర్వాత పల్లె డ్యూటీ."

"అబ్బో" అన్నాడు. ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ గొణగడం వినిపించింది. అన్నేళ్ళ లెక్క నేనూ వేసుకున్నాను, ఆయన వయసుతో కలిపి. అది ఆయనకు తెలిసిపోయినట్టుంది.

"తొందరేం లేదు బిడ్డా, నిమ్మలంగ సదువుకో. నేనేడికి పోత, ఈడనే ఉంట."